మంచినీళ్ళ తొట్టి

బక్కెట్టు నేల మీద కుమ్మరించి, పొడుగు చీపురుతో నీళ్ళను వెనక తలుపు దాకా తోసి, ఆయన నడుం మీద చెయ్యి వేసుకుని వెనక్కి తిరిగి చూశాడు. కడిగిన గచ్చు మీద వరసగా కాళ్ళ గుర్తులు. వాటిలో కొన్నింటికి సన్నగా ఎర్రటి అంచు. గుర్తులు ఆగిన చోట కుక్క నిలబడి ఉంది, కుడి ముందుకాలు నేలకు ఆనించకుండా ఎత్తి పట్టుకుని.

"మళ్ళీ వచ్చావూ? అక్కడ కూర్చోమని చెప్పానా లేదా?"

కూర్చోమని ఆయన రోజూ చెప్తాడు. అది రోజూ కూర్చోదు. ఆయన కడిగిన ప్రతిచోటా ముక్కు ఆనించి చూడటం, గట్టిగా ఓ తుమ్ము తుమ్మడం, మళ్ళీ కుంటుకుంటూ ఆయన వెనకే నడవడం, ఇదీ దాని దినచర్య. అందుకే లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆయన దానికి సూపర్వైజరు అని పేరు పెట్టాడు. ఆ లాండ్రీలో ఒకప్పుడు నిజం సూపర్వైజరే ఉండేవాడు. ఆయన మానేశాక ఆ కుర్చీలో ఎవరినీ పెట్టలేదు. "ఆయన కూడా ఇంతే, పనేం చెయ్యకుండా మన వెనకే తిరిగేవాడు. కాకపోతే తుమ్మేవాడు కాదు," అంటాడు ఇస్త్రీ ఆయన.

నేల కడిగే ఆయన్ని అందరూ బాబాయి అంటారు. ఆయనకు అన్నా లేడు, అన్న పిల్లలూ లేరు. ఆ పిలుపు ఎవరు మొదలుపెట్టారో ఆయనకే గుర్తులేదు. కుర్రతనంలో సబ్బు తొట్టి దగ్గర చేరాడు, దుప్పట్లు ఉతికాడు, పిండాడు, ఆరేశాడు. నడుం వంగడం మొదలయ్యాక నేల కడిగే పనికి మారాడు. మధ్యలో ఏం జరిగిందంటే చెప్పుకోదగ్గది పెద్దగా లేదు. ఒకసారి పెళ్ళి సంబంధం వచ్చింది. పిల్ల మేనత్త ఆయన చేతులు చూసింది. వేళ్ళ మధ్య తెల్లగా పెచ్చులు లేచి, కణుపుల దగ్గర పగిలి ఉన్నాయి. ఏదో చర్మవ్యాధి అయ్యుంటుందని పిల్ల తల్లి చెవిలో ఊదింది. పని వల్ల అలా అయ్యాయని చెప్పడానికి ఆయనకు నోరు పెగల్లేదు. తర్వాత ఎవరూ సంబంధం మాట ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

కుక్క ఒక వానరోజు వెనక తలుపు దగ్గర నిలబడింది. తరిమితే రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ అక్కడే నిలబడింది. మర్నాటి నుంచి ఆయన ఎటు పోతే అటు నడవడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆయన వెనక ఎవరూ నడవలేదు. అది ఎంత బాగుందో ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ వయసులో అలాంటి మాట చెప్పుకోవడానికి సిగ్గేసింది.

తర్వాత దాని కాళ్ళు పగలడం మొదలైంది. నల్లగా, గుండ్రంగా, వేలితో నొక్కితే లోపలికి పోయే అరికాలి మెత్తలు మొదట బూడిదరంగుకు తిరిగాయి. తర్వాత మాడిన రొట్టె పెచ్చులా గట్టిపడ్డాయి. ఆ తర్వాత అంచులు లేచి, మధ్యలో చీలి, ఎర్రటి మాంసం కనపడింది. మెత్తలన్న పేరే గాని మెత్తదనం ఎక్కడా లేదు. బాబాయి దాన్ని గోనెసంచిలో చుట్టి, బట్టలు తెచ్చే వ్యానులో కూర్చోబెట్టుకుని, పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాడు. డాక్టరు కాళ్ళు తిప్పి చూసి, "రోజూ మంచినీళ్ళతో శుభ్రంగా కడుగు. తడి తుడిచి, పగుళ్ళ మందు రాయి. మానిపోతుంది," అన్నాడు.

ఆ రోజు నుంచి బాబాయి ఒక్క పూట కూడా తప్పలేదు. అయినా మానలేదు.

వ్యాను డ్రైవరు చాలాసార్లు అడిగాడు. "మా ఇంటి దగ్గర అంతా మట్టి నేల, బాబాయి. పిల్లలున్నారు. దీన్ని నాకిచ్చెయ్. ఈ గచ్చు మీద ఏం మానుతుంది?" ప్రతిసారీ బాబాయి తల అడ్డంగా ఊపాడు. "నీ ఇంట్లో రోజూ కాళ్ళు కడిగేదెవరు? మందు రాసేదెవరు? వారం తిరక్కుండా వదిలేస్తారు." మొన్న డ్రైవరు ఇంకో సంగతి చెప్పాడు. తనకు వేరే దారి వేశారట, ఇక ఇటు రాడట. ఎల్లుండి సాయంత్రమే తన ఆఖరి ట్రిప్పట. బాబాయి కాసేపు గడ్డం గోక్కుని, "ఆ రోజుకు అది కాలు కింద ఆనించి నడిస్తే ఇవ్వను. నడవకపోతే అప్పుడు చూద్దాం," అన్నాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు గాని, మాట జారిపోయింది.

ఆ సాయంత్రం ఇవాళే. కుక్క కాలు ఇంకా గాలిలోనే ఉంది.

పొద్దున ఇంట్లోంచి బయలుదేరుతూ మందు డబ్బా కోసం వెతికితే అది అక్క పీట కింద దొరికింది. అక్క భర్త పోయిన దగ్గర నుంచీ వాళ్ళిద్దరూ ఆ రెండు గదుల్లోనే ఉంటున్నారు. మందు అసలు అక్క మడమలకని తెచ్చింది.

"నాకని తెచ్చి సగం డబ్బా కుక్కకి పూశావు. తోడబుట్టినదాని కన్నా అదే ఎక్కువైంది నీకు," అంది అక్క.

"నీ కాళ్ళు మానిపోయాయి కదే."

"మానవూ మరి!" అంటూ అక్క చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి మడమ తిప్పి చూపించింది. నున్నగా, గులాబీ రంగులో ఉంది. "చూశావా? కొత్త పెళ్ళికూతురి కాళ్ళు."

"అదే మందు. అంతే శ్రద్ధగా రాస్తున్నాను. నీకు పనిచేసి దానికెందుకు పనిచెయ్యదంటావు?"

"నేను కూర్చోమన్న చోట కూర్చుంటాను కాబట్టి. అది నీలాగే, కుదురుండదు." అంటూనే ఆమె మందు డబ్బాతో పాటు ఒక పాత మెత్తటి గుడ్డ కూడా సంచిలో వేసింది. "తడి లేకుండా తుడువు. నేను అలాగే చేశాను."

బాబాయికి ఆ మాట దారి పొడుగునా మనసులో తిరిగింది. తడి లేకుండానే తుడుస్తున్నాడు. ఇంకేం చెయ్యాలి? కుక్క చర్మం మనిషి చర్మం ఒకటి కాదులే అని సర్దిచెప్పుకున్నాడు. తన చేతులు మాత్రం ఏ మందుకు మానాయి గనక. కొందరి తోలు అంతే.

మధ్యాహ్నం యంత్రాలు ఆపారు. ఆ చప్పుడు ఆగాక కాసేపు చెవుల్లో గుయ్యిమంటూనే ఉంటుంది. అందరూ అన్నం డబ్బాలు విప్పుకున్నారు. బాబాయి తన డబ్బా పక్కన పెట్టి ముందు గోనెసంచి పరిచాడు, దాని మీద చతికిలబడ్డాడు. సంచిలోంచి మందు, గుడ్డ, నాలుగు సాక్సులు తీసి వరసగా పెట్టాడు. లాండ్రీలో ఒంటి సాక్సుల బుట్ట ఒకటుంది. జత తప్పిపోయినవి, ఎవరివో తెలియనివి అందులో వేస్తారు. ఎవరైనా వచ్చి అడిగితే ఇచ్చేయాలని నియమం. ఎవరూ వచ్చి అడగరు. బాబాయి అందులోంచి నాలుగు ఏరుకున్నాడు, ఒకటి నీలం, ఒకటి చారలది, ఒకటి గోధుమరంగుది, ఒకటి ఎవరో చంటిపిల్లది, పచ్చటిది. మందు రాశాక అవి తొడుగుతాడు. నాలుగు రంగుల కాళ్ళతో అది నడుస్తుంటే ఇస్త్రీ ఆయన లేచి నిలబడి సెల్యూట్ కొడతాడు.

కుక్క ఈ ఏర్పాట్లు చూడగానే తోక ముడిచి బల్ల కిందకు దూరింది. అదీ రోజూ జరిగేదే. బాబాయి మెడ పట్టి లాగి, మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, గట్టిగా పట్టుకున్నాడు.

"నీ మంచికే చేస్తుంటే ఈ మొండితనమేంటి నీకు!" అని కసిరాడు.

రెండు చేతులూ కుక్క మీద ఉన్నాయి. లేస్తే మళ్ళీ పారిపోతుంది. బట్టలు మడతపెట్టే బల్ల దగ్గర కొత్తావిడ ఒకతె ఉంది. చేరి నాలుగు రోజులు కాలేదు, ఇంకా ఎవరిని ఏమని పిలవాలో తెలియక అందరినీ చూసి నవ్వుతూ ఉంటుంది. బాబాయి ఆమెను పిలిచాడు.

"అమ్మా, కాస్త మంచినీళ్ళు తెచ్చిపెడతావా?"

"అయ్యో, దానికేం బాబాయిగారూ," అని ఆమె చటుక్కున లేచి, మూలనున్న ఫిల్టరు దగ్గర గ్లాసు కడిగి, నిండా నీళ్ళు పట్టి తెచ్చి ఆయన నోటి ముందు పెట్టింది.

"తాగడానికి కాదమ్మా. మంచినీళ్ళు!"

ఆమె గ్లాసు వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "మంచినీళ్ళు తాగక ఏం చేస్తారు బాబాయిగారూ?"

ఇస్త్రీ ఆయన నోట్లో ముద్దతోనే పకపకా నవ్వాడు. "కొత్త కదా, పాపం. ఇక్కడ తాగేవి తాగే నీళ్ళు. మంచినీళ్ళంటే అవిగో," అని ఎడమచేత్తో మూడో తొట్టి చూపించాడు.

ఆ లాండ్రీలో మూడు సిమెంటు తొట్లున్నాయి. మొదటిది సబ్బు తొట్టి. రెండోది మందు తొట్టి, దుప్పట్లకు తెల్లదనం తెచ్చే ఘాటు మందు అందులో కలుపుతారు. ఆ మందు వదలడానికి ఆఖర్న జాడించేది మంచినీళ్ళ తొట్టి. పొద్దున కుళాయి వచ్చే కాసేపట్లో నింపినప్పుడు అవి మంచినీళ్ళే. మందు తొట్టిలోంచి వచ్చిన దుప్పట్లన్నీ దఫదఫాలుగా అందులో మునిగి లేచేసరికి అవి ఏమవుతాయో ఎవరూ ఆలోచించలేదు. చూపుకు అడుగు కనిపించేంత తేటగానే ఉంటాయి. పేరు కూడా అదే ఉండిపోయింది. పారబొయ్యడం దండగని నేల కడగడానికీ అవే వాడతారు.

కొత్తావిడ గిన్నె పట్టుకుని తొట్టి దగ్గరకు వెళ్ళి వంగింది. వంగినంత వేగంగా వెనక్కి లేచి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"అమ్మో, ఇదేంటి ఇంత ఘాటు! కళ్ళు మండిపోతున్నాయి."

"నాలుగు రోజులు పోతే అలవాటైపోతుంది. మా ముక్కులు ఎప్పుడో చచ్చిపోయాయి," అన్నాడు ఇస్త్రీ ఆయన.

"అది కాదండీ. వీటితోనా పుండు కడిగేది?" ఆమె గొంతులో తప్పుపట్టడం ఏమీ లేదు. తెలియక అడిగింది, అంతే.

"డాక్టరే చెప్పాడమ్మా," అన్నాడు బాబాయి. "రోజూ శుభ్రంగా మంచినీళ్ళతో..."

అక్కడితో ఆయన మాట ఆగిపోయింది. ఇస్త్రీ ఆయన నమలడం మానేశాడు. మూడో తొట్టిలో ఎక్కడిదో చుక్క పడి, నీళ్ళ మీద ఒక గుండ్రం సాగి, గోడకు తగిలి పోయింది.

డాక్టరు ఏ ఇంట్లోనైనా దొరికే మంచినీళ్ళన్నాడు. బాబాయి లాండ్రీ మంచినీళ్ళని విన్నాడు. వేరే అర్థం ఉందని ఆయనకు తట్టనే లేదు. పైగా ఏవో నీళ్ళతో కాకుండా ప్రత్యేకంగా మంచినీళ్ళతోనే కడుగుతున్నానని లోపల కాస్త గొప్పగా కూడా ఉండేది. అక్క మడమలు ఇంటి కుళాయి నీళ్ళతో కడుక్కుంది, మానాయి.

కొత్తావిడ తెచ్చిన గ్లాసు ఇంకా పక్కనే ఉంది. బాబాయి దాన్ని తీసుకుని, కుక్క కుడి ముందుకాలి మీద మెల్లగా వంచాడు. మోకాళ్ళు బిగించి, అది లాక్కుంటుందని కాచుకున్నాడు. లాక్కోలేదు. నీళ్ళు పగుళ్ళలోంచి జారి గోనెసంచి మీద పడుతుంటే చూస్తూ ఊరుకుంది. తర్వాత మెడ వంచి, తన కాలి మీద నుంచి కారుతున్న ఆ నీళ్ళను నాకింది.

ఇన్నాళ్ళూ కాలు లాక్కుంటే మొండిదన్నాడు. తోక ముడిచి దాక్కుంటే మెడ పట్టి లాగాడు. కసిరాడు. ఒకటి రెండుసార్లు వీపు మీద చరిచాడు కూడా. అది చెప్పగలిగినట్టు చెప్తూనే ఉంది. అందరికన్నా ముందు నేల మీద ముక్కు పెట్టి తుమ్మింది కూడా అదే.

"తెలిసి చేశావా ఏంటి బాబాయ్? ఊరుకో," అన్నాడు ఇస్త్రీ ఆయన. ఈసారి వేళాకోళం లేదు.

"ఇప్పుడు తెలిసింది కదండీ. ఇక తాగే నీళ్ళతో కడగండి, మానిపోతుంది," అంది కొత్తావిడ.

బాబాయి గుడ్డతో ఒక్కో వేలి మధ్యా అద్ది, మందు రాశాడు. సాక్సు తీసుకుని తొడగబోయి ఆగాడు. పచ్చ సాక్సు అంచు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన ముక్కుకు ఏమీ తెలియలేదు. కుక్క ముక్కు దగ్గర పెట్టాడు. అది తుమ్మింది. తడి తగలకూడదని తొడిగిన సాక్సులు ఆ తడినే పీల్చి సాయంత్రం దాకా పట్టి ఉంచాయన్నమాట. ఆయన వాటిని మడిచి పక్కన పెట్టేశాడు. అన్నం డబ్బా విప్పకుండానే సంచిలో పెట్టేసుకున్నాడు.

యంత్రాలు మళ్ళీ మొదలయ్యాక ఆయన కుక్కను వెనక తలుపు బయట, పొడి నేల మీద, తాడుతో కట్టాడు. గోనెసంచి పరిచాడు, గిన్నెలో తాగే నీళ్ళు పెట్టాడు. లోపలికి వచ్చి బక్కెట్టు ముంచి నేల కడగడం మొదలుపెట్టాడు. తలుపు అవతల అది మొదట మొరిగింది. తర్వాత మూలిగింది. తర్వాత చప్పుడు లేదు. హమ్మయ్య, పడుకుందనుకున్నాడు. సగం గచ్చు కడిగి అలవాటుకొద్దీ వెనక్కి తిరిగి చూశాడు. కొరికి తెంపిన తాడు ముక్క మెడకు వేలాడుతుండగా, మందు రాసిన కాళ్ళతో, సరిగ్గా ఆ నీళ్ళలోనే నిలబడి ఉంది. తోక ఊపింది.

బాబాయి చీపురు గోడకు ఆనించి, తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. ఒళ్ళంతా ఇసుక నింపినట్టు బరువుగా ఉంది.

"కట్టేస్తే తెంపుకుంటుంది. కూర్చోమంటే కూర్చోదు. నేల కడగడం నేను మానలేను, నా వెనక తిరగడం అది మానదు," అన్నాడు, ఎవరితో అన్నాడో తెలియకుండా.

"కుళాయి నీళ్ళతో కడుగు నేల," అన్నాడు ఇస్త్రీ ఆయన.

"కుళాయి వచ్చేదే గుక్కెడు. అవి తొట్టికే చాలవు."

ఇస్త్రీ ఆయన, చేతిలో పెట్టె ఆగి ఉంటే దిండు గలీబు కమిలిపోతుందని చటుక్కున ఎత్తాడు.

సాయంత్రం వ్యాను వచ్చింది. మూటలన్నీ ఎక్కించాక డ్రైవరు చేతులు దులుపుకుంటూ వచ్చాడు. ఇవ్వడని తెలిసినా అడగడం మర్యాద అన్నట్టు అడిగాడు.

"ఏమంటావు బాబాయ్, మన సూపర్వైజరు సంగతి?"

"తీసుకుపో," అన్నాడు బాబాయి.

డ్రైవరు నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయాడు. "నిజంగానా? రోజూ కడగడం గిడగడం మావల్ల కాదన్నావు కదా."

"నాకన్నా బాగానే చేస్తారులే." ఆయన సంచిలోంచి మందు డబ్బా, అక్క ఇచ్చిన గుడ్డ తీసి డ్రైవరు చేతిలో పెట్టాడు. "తడి లేకుండా తుడిచి ఇది రాయి. తుడిచే ముందు కడగాలి. కడగడానికి..." ఆ మాట నాలుక చివరి దాకా వచ్చి అక్కడే తిరగబడింది. "తాగే నీళ్ళతో కడుగు. నువ్వూ నీ పిల్లలూ ఏవి తాగుతారో, వాటితో. ఇంకేవీ వద్దు."

"అలాగే బాబాయ్."

కుక్కకు వ్యాను ఎక్కడం చేతకాదు. బాబాయి దాన్ని రెండు చేతులతో ఎత్తాడు. అనుకున్నదానికన్నా తేలిగ్గా ఉంది. మూటల పక్కన, మడిచిన గోనెసంచి మీద కూర్చోబెట్టాడు. అది వ్యాను నేల వాసన చూసింది, గోడలు వాసన చూసింది, తుమ్మలేదు. తర్వాత కాస్త పక్కకు జరిగి, ఆయన కూర్చోవడానికి చోటిచ్చి, ఎదురుచూసింది.

ఆ జరగడం చూసి బాబాయి మొహం తిప్పుకున్నాడు. తలుపు మూయమని డ్రైవరుకు చేత్తో సైగ చేశాడు.

వ్యాను మలుపు తిరిగే దాకా లోపలి నుంచి అరుపులు వినిపించాయి. తర్వాత వీధి చప్పుళ్ళలో కలిసిపోయాయి. "సూపర్వైజరుకు బదిలీ అయింది. ప్రమోషన్ మీద," అన్నాడు ఇస్త్రీ ఆయన, గడప దగ్గర నిలబడి. ఎవరూ నవ్వకపోయేసరికి ఆయనే గొంతు సవరించుకుని లోపలికి వెళ్ళిపోయాడు. కొత్తావిడ ఫిల్టరు దగ్గర గ్లాసు నింపి, మళ్ళీ తొట్టి గట్టు మీద కూర్చున్న బాబాయి పక్కన పెట్టి, తన బల్ల దగ్గరకు వెళ్ళింది.

మూసేముందు నేల ఇంకోసారి కడగాలి. బాబాయి బక్కెట్టు ముంచాడు, కుమ్మరించాడు, వెనక తలుపు దాకా తోశాడు. నడుం మీద చెయ్యి వేసుకుని వెనక్కి తిరిగి చూశాడు. గచ్చు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క మరక లేకుండా మెరుస్తోంది. ఇంత శుభ్రంగా కడిగి ఎన్నాళ్ళయిందో ఆయనకు గుర్తులేదు. ఇలా ఉండటం ఆయనకు ఏమాత్రం నచ్చలేదు.

ఇంటికి పోయేముందు ఫిల్టరు నీళ్ళు గిన్నెలో పట్టి, నాలుగు సాక్సులూ అందులో వేసి మెల్లగా పిసికాడు. నీళ్ళు మార్చాడు, మళ్ళీ పిసికాడు. పగిలిన తన వేళ్ళు మండలేదు. ఆ సంగతి కూడా ఆయన ఇవాళే గమనించాడు. ఎవరైనా వచ్చి అడిగితే ఇచ్చేయాలి గనక నాలుగింటినీ వెనక పెరట్లో, ఆరిపోయిన దుప్పట్లు తీసేసిన ఖాళీ తీగ మీద ఆరేశాడు. మిగతా మూడూ మామూలు సాక్సుల్లాగే వేలాడాయి. చంటిపిల్ల పచ్చ సాక్సు మాత్రం ఎంత పిండినా తిన్నబడలేదు, ముందుకాలు ఎత్తి పట్టుకున్నట్టు మడమ దగ్గర కొంచెం వంగే ఉంది.